పేరు తెలియని ఇంటికి ఒక ఖత్

జుమా నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోతున్నారు. మా మొహల్లా టైలరు భాయి మాత్రం వజూ చేసే హౌజు పక్కన కూర్చొనే ఉన్నాడు. అందరూ వెళ్లేదాకా ఆగి మా దగ్గరకు వచ్చి సలాం చేశాడు.

"ఉస్తాద్, ఒక ఖత్ రాసిపెట్టాలి. తెలుగులో" అన్నాడు.

"ఎవరికి?" అని అడిగాము.

"అదే తెలియదు" అన్నాడు.

ముప్ఫై ఏళ్లుగా మేము ఈ మొహల్లాకు ఉత్తరాలు రాసిపెడుతూనే ఉన్నాము. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి తల్లి చెప్పుకునే మాటలు రాశాము. పెళ్లి సంబంధాలకు ఉర్దూలోనూ, తహసీల్దారు ఆఫీసుకు తెలుగులోనూ రాశాము. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పని చాలావరకు తగ్గింది. కానీ పేరు, ఊరు, కులం, మతం ఏదీ తెలియని మనుషులకు ఉత్తరం రాయమని ఎవరూ అడగలేదు.

టైలరు భాయికి నలభై రెండేళ్లు. రెండు కిడ్నీలు చెడిపోయి మూడేళ్లపాటు డయాలిసిస్ మీద బతికాడు. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు ఆ యంత్రం పక్కనే పడుకోవాలి. దుకాణంలో కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉండేది. ఒక రాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక యువకుని తల్లిదండ్రులు అతని అవయవాలు ఇవ్వడానికి ఒప్పుకున్నారని, వెంటనే బయలుదేరి రమ్మని చెప్పారు. అది జరిగి పదకొండు నెలలైంది. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడు మళ్లీ మిషను తొక్కుతున్నాడు.

"మూడుసార్లు కాగితం పట్టుకున్నాను ఉస్తాద్. 'మీ అబ్బాయి' అని రాయగానే చెయ్యి ఆగిపోతోంది. నన్ను బతికించమని అల్లాహ్‌ను రోజూ అడిగాను. నా దుఆ కబూల్ కావడమంటే ఇంకొకరి ఇంట్లో జనాజా లేవడమేనా? ఆ తల్లికి ఏ ముఖం పెట్టుకొని షుక్రియా చెప్పను?" అన్నాడు.

మాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు గడువు అడిగాము. ఆ రెండు రోజుల్లో మేము ఆలోచించినది, చదివినది, తెలిసినవారిని అడిగినది పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇటువంటి ఉత్తరం రాయవలసిన అవసరం రేపు మనలో ఎవరికైనా రావచ్చు. ఇటువంటి ఉత్తరం అందుకోవలసిన ఇల్లు మనదే కావచ్చు కూడా.

షుక్రియా ఎవరికి?

సంగతి తెలిసిన ఒక పెద్దాయన మాతో, "ఇచ్చినవాడు అల్లాహ్. ఆయనకు రెండు రకాతులు షుక్రానా చదువుకుంటే చాలదా? మనుషులకు ఉత్తరాలు దేనికి?" అన్నారు.

ఆయన మాటలో మొదటి సగం నిజమే. రెండో సగం నిజం కాదు. మనుషులు చేసిన మేలును గుర్తించనివాడు అల్లాహ్ మేలును కూడా గుర్తించనివాడేనని దైవప్రవక్త (స) బోధించారని మదర్సాలో చిన్నపిల్లలకు కూడా మేము చెబుతాము. దాహం తీర్చినవాడు అల్లాహ్ అని నమ్ముతూనే, గ్లాసు అందించిన చేతికి జజాకల్లాహ్ అంటాము. గ్లాసు నీళ్లకే అలా అయితే ఈ మేలుకు మౌనంగా ఉండడం ఎలా సబబు?

ఇక్కడ మరో విషయం దాచకుండా చెప్పుకోవాలి. అవయవదానం గురించి ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సౌదీ అరేబియాలో పెద్ద ఉలమాల మండలి 1982లోనే షరతులతో అనుమతించింది. జిద్దాలో ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1986లో మెదడు మరణం గురించి, 1988లో అవయవ మార్పిడి గురించి తీర్మానాలు చేసింది. అమ్మకం ఉండకూడదని, చనిపోయినవారి విషయంలో వారి అనుమతి గానీ వారసుల అనుమతి గానీ ఉండాలని షరతులు పెట్టి అనుమతించింది. మన ఉపఖండంలో దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన పలువురు ముఫ్తీలు మాత్రం, దేహం మనిషి సొంత ఆస్తి కాదని, మృతదేహానికి కూడా గౌరవం ఉందని చెబుతూ మరణానంతర దానాన్ని అంగీకరించలేదు. రెండు పక్షాలవారూ పండితులే. ఈ వివాదానికి తీర్పు చెప్పే స్థాయి మాది కాదు.

కాని అభిప్రాయభేదం ఉన్నది ఇవ్వడం గురించి. అందుకున్నవాడు కృతజ్ఞత చెప్పాలా వద్దా అన్న దానిలో భేదం లేదు. టైలరు భాయి శరీరంలో ఆ కిడ్నీ ఈరోజు పనిచేస్తోంది. దాన్ని ఇచ్చిన తల్లిదండ్రులు ఎక్కడో ఉన్నారు. కాబట్టి ఆయన మీద ఒక హక్కు ఉంది.

వాళ్లు ఏమి చేశారో తెలుసుకోవాలి

ఒకరికి కృతజ్ఞత చెప్పాలంటే ముందు వాళ్లు చేసినది ఎంతటిదో తెలియాలి. చాలామంది ఇది చనిపోయాక సంతకం పెట్టే చిన్న పని అనుకుంటారు. అలా కాదు.

తలకు పెద్ద గాయమై మెదడు పూర్తిగా, తిరిగి రాని విధంగా పనిచేయడం ఆగిపోయినా, వెంటిలేటరు సాయంతో కొంతకాలం ఊపిరి ఆడుతుంది. గుండె కొట్టుకుంటుంది. ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. మన దేశంలో 1994లో చేసిన మానవ అవయవ మార్పిడి చట్టం దీన్ని మరణంగా గుర్తించింది. నలుగురు వైద్యుల బృందం పరీక్షించి నిర్ధారించాలి. కనీసం ఆరు గంటల వ్యవధి తరువాత ఆ పరీక్షలు మళ్లీ చేయాలి. రెండోసారి కూడా అదే ఫలితం వస్తేనే మరణ ధ్రువీకరణ అవుతుంది.

ఆ సమయంలో ఆ ఇంటివాళ్ల పరిస్థితి ఊహించండి. నిన్న ఉదయం బండి మీద బయటికి వెళ్లిన కొడుకు. ఛాతీ పైకీ కిందికీ కదులుతూనే ఉంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. డాక్టర్లు వచ్చి ఇక లేడు అంటున్నారు. దానికి తోడు ఇంకొక ప్రశ్న అడుగుతున్నారు. అవునని చెబితే దేహం ఇంటికి రావడం ఇంకా ఆలస్యమవుతుంది. బయట బంధువులు ఎదురుచూస్తూ ఉంటారు. జనాజాను త్వరగా సాగనంపాలని తొందరపడే మనవంటి వాళ్లకు ఆ గంటలు ఎంత భారమో చెప్పనక్కరలేదు. అంతటి దుఃఖంలో ఆ తల్లిదండ్రులు తమకు ఏమీ కాని మనుషుల గురించి ఆలోచించగలిగారు.

మన తెలుగు ప్రాంతాలకు ఈ చరిత్రతో సంబంధం ఉంది. మరణించిన దాత గుండెను మన దేశంలో మొదటిసారి మరొకరికి విజయవంతంగా అమర్చినది 1994 ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో. ఆ శస్త్రచికిత్స చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవారు. ఆయన 2024లో మరణించారు. ఆ రోజు గుర్తుగానే 2023 నుంచి ఆగస్టు 3ను దేశంలో అవయవదాన దినంగా పాటిస్తున్నారు. తెలుగు రాష్ట్రాలలో దాతల అవయవాలను జీవన్‌దాన్ పథకం ద్వారా, పేర్లు నమోదు చేసుకొని ఎదురుచూస్తున్నవారికి కేటాయిస్తున్నారు.

జెనిన్‌లో ఒక తండ్రి

దాత కుటుంబాన్ని తలచుకున్నప్పుడల్లా మాకు గుర్తుకువచ్చే పేరు ఇస్మాయిల్ ఖతీబ్. ఆయన పలస్తీనాలోని జెనిన్ శరణార్థి శిబిరానికి చెందినవాడు.

2005 నవంబరు 3. ఈదుల్ ఫితర్ రోజు. ఆయన కొడుకు అహ్మద్ పన్నెండేళ్ల పిల్లవాడు. చేతిలో బొమ్మ తుపాకీ ఉంది. ఆ సమయంలో జెనిన్‌లోకి వచ్చిన ఇజ్రాయెల్ సైనికులు దాన్ని నిజమైన తుపాకీ అనుకొని కాల్చారు. బాలుణ్ని హైఫాలోని ఆసుపత్రికి తరలించారు. రెండు రోజుల తరువాత మరణించాడు.

అక్కడి వైద్యవర్గం ఆ తండ్రిని అవయవదానం గురించి అడిగింది. ఆయన సొంత తమ్ముడే ఒకప్పుడు అవయవం కోసం ఎదురుచూస్తూ చనిపోయాడు. ఆ బాధ ఆయనకు తెలుసు. భార్యతో మాట్లాడాడు. జెనిన్‌లోని మతపెద్దను అడిగి తెలుసుకున్నాడు. తరువాత ఒప్పుకున్నాడు. ఆ పిల్లవాని అవయవాలు ఇజ్రాయెల్ పౌరులకే చేరాయి. గుండె ఒక డ్రూజ్ బాలికకు, ఒక కిడ్నీ ఒక బెడూయిన్ ముస్లిం బాలునికి, మరొక కిడ్నీ జెరూసలేంలోని ఒక యూదు పసిపాపకు అమర్చారు.

తరువాత ఇస్మాయిల్ స్వయంగా ఆ ఇళ్లకు వెళ్లాడు. ఆ ప్రయాణం మీద "హార్ట్ ఆఫ్ జెనిన్" అనే డాక్యుమెంటరీ చిత్రం 2008లో వచ్చింది. డ్రూజ్ కుటుంబం ఆయనను ఇంటి మనిషిలా ఆదరించింది. బెడూయిన్ల ఇంట్లోనూ అంతే. యూదు కుటుంబం దగ్గర మాత్రం పరిస్థితి వేరు. తన బిడ్డకు కిడ్నీ ఇచ్చినవాడు యూదుడైతే బాగుండేదన్న ఉద్దేశం ఆ తండ్రి అంతకుముందు కెమెరా ముందే బయటపెట్టాడు. ఇప్పుడు దాత తండ్రే ఇంటికి వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఇబ్బందిగా కూర్చున్నారు. చివరికి ఆ మనిషి కృతజ్ఞత చెప్పాడు.

ఇస్మాయిల్ కోల్పోయినదాని ముందు ఆ నాలుగు మాటలు ఎంత? అయినా ఆయన అన్ని చెక్‌పోస్టులు దాటి వెళ్లింది వాటి కోసం కాదని మాకు అనిపిస్తుంది. పిల్లలు తిరుగుతూ ఆడుకుంటూ ఉంటే కళ్లారా చూడాలని వెళ్లాడు. దాత కుటుంబం మన నుంచి కోరేది పొగడ్తలు కావు. తాము ఇచ్చినది వృథా కాలేదని తెలియాలి. అంతే.

పేరు ఎందుకు దాచిపెడతారు?

చాలా దేశాలలో దాత ఎవరో గ్రహీతకు, గ్రహీత ఎవరో దాత కుటుంబానికి చెప్పరు. మన దగ్గర పత్రికలలో దాతల పేర్లు వస్తుంటాయి గాని, ఏ అవయవం ఎవరికి చేరిందో ఆసుపత్రులు మామూలుగా బయటపెట్టవు. దీనికి కారణాలు ఉన్నాయి. గ్రహీత మీద జీవితాంతం ఒక ఒత్తిడి ఉండవచ్చు. ఎవరైనా డబ్బు అడగవచ్చు, లేదా ఇవ్వబోవచ్చు. అమర్చిన అవయవం పనిచేయకపోతే దాత ఇంట్లో రెండోసారి చావు జరిగినట్లు అవుతుంది.

దీనికి రెండో పక్షం కూడా ఉంది. 1994లో ఇటలీకి సెలవుల్లో వెళ్లిన ఒక అమెరికన్ కుటుంబం కారు మీద దొంగలు కాల్పులు జరిపారు. ఏడేళ్ల నికోలస్ గ్రీన్ చనిపోయాడు. తల్లిదండ్రులు అతని అవయవాలు, కళ్లు ఇవ్వగా ఏడుగురు ఇటలీవాసులకు మేలు జరిగింది. తరువాత వాళ్లు ఆ ఏడుగురినీ కలుసుకున్నారు. కాలేయం పొందిన యువతి పెళ్లి చేసుకొని, కొడుకు పుడితే నికోలస్ అని పేరు పెట్టుకుంది. తరువాతి పదేళ్లలో ఇటలీలో అవయవదానాల రేటు మూడింతలైంది. 1999లో అక్కడ చేసిన చట్టం ఇలా కలుసుకోవడానికి అడ్డుపడింది. ఇరువైపులా ఇష్టపడితే కలవనివ్వాలని నికోలస్ తండ్రి రెగ్ గ్రీన్ ఏళ్ల తరబడి అక్కడివారిని కోరుతూ వచ్చాడు.

మాకు రెండూ సబబుగానే తోచాయి. కలవడం ఇరువైపులవారి ఇష్టం మీద ఉండాలి. కాని ఉత్తరం రాయడానికి ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. ఆసుపత్రిలో అవయవ మార్పిడి వ్యవహారాలు చూసే కోఆర్డినేటరును టైలరు భాయి అడిగాడు. పేరు, ఊరు లేకుండా రాసి ఇస్తే, ఆ కుటుంబం ఒప్పుకుంటేనే అందజేస్తామని చెప్పారు.

ఖత్‌లో ఏమి రాశాము

రెండు రోజుల తరువాత దుకాణానికి వెళ్లాము. ముందు ఆయన ప్రశ్నకు మాకు తోచిన జవాబు చెప్పాము.

"భాయి, ఆ అబ్బాయి మరణం నీ దుఆ వల్ల రాలేదు. అతని గడియ అతనికి రాసి ఉంది. నువ్వు అడిగినా అడగకపోయినా ఆ ఇంట్లో ఆ రోజు జనాజా లేచేదే. నీ దుఆకు జవాబు ఆ మరణం కాదు. మరణం తరువాత ఆ తల్లిదండ్రుల మనసులో అల్లాహ్ వేసిన దయ. నువ్వు షుక్రియా చెప్పవలసింది ఆ దయకు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చేతిలోని గుడ్డను మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "అయితే రాయండి" అన్నాడు.

మొదట మేము రాసిన చిత్తులో దేవుని సంకల్పం అని ఒక వాక్యం ఉంది. చదువుకొని కొట్టేశాము. మనకు అది ఓదార్పు. కాని మీ బిడ్డ పోవడం, నేను బతకడం దైవనిర్ణయం అని బతికినవాడు ఆ తల్లికి రాయకూడదు. ఆ మాట అనుకునే హక్కు ఆమెది. వాళ్ల మతం ఏమిటో తెలియదు గనుక మన పరిభాష కూడా పెట్టలేదు. మొదటి వాక్యంలోనే వాళ్ల నష్టాన్ని చెప్పాము, మన సంతోషం తరువాత.

ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాము. "ఇది నా దగ్గర అమానత్ అని రాయండి ఉస్తాద్" అన్నాడు. అమానత్‌కు తెలుగులో సరైన మాట ఏది? తాకట్టు కాదు, అప్పు కాదు. చివరికి "మీరు నన్ను నమ్మి అప్పగించినది" అని రాశాము. దాని కింద ఆయన చెప్పినట్లే రాశాము. మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదని, ఉదయం, రాత్రి గడియారం చూసుకొని వేసుకుంటున్నానని, రోజూ కాచి చల్లార్చిన నీళ్లే తాగుతున్నానని. మాకు ఇవి చిన్న సంగతులుగా తోచాయి. తరువాత తెలిసింది, ఆ ఉత్తరంలో అసలైన షుక్రియా అదేనని. కొత్త అవయవాన్ని శరీరం తోసిపుచ్చకుండా ఆ మందులు జీవితాంతం వాడాలి. మానేస్తే వాళ్లు ఇచ్చినది పోతుంది.

ఆయనకు ఇంకో కోరిక ఉంది. "ఆ అమ్మకు ఒక మంచి జాకెట్టు కుట్టి పంపాలని ఉంది. కొలతలు కూడా తెలియవు" అన్నాడు. కోఆర్డినేటరు ఇప్పుడు వద్దన్నారు. మాకూ అదే మేలనిపించింది. అవయవాల విషయంలో డబ్బు లావాదేవీ మహా నేరం. 2011 సవరణతో కేంద్ర చట్టంలో దానికి పదేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఒక జాకెట్టు ఆ నేరం కిందికి రాదు గాని, ఇచ్చినదానికి బదులు అన్న వాసన కూడా అంటకుండా ఉంటే మంచిది.

ఇటువంటి ఉత్తరం రాయవలసి వచ్చేవారికి మాకు తెలిసినంతలో చెబుతున్నాము. ఒక పేజీ దాటవద్దు. పేరు, ఊరు, ఫోన్ నంబరు వేయవద్దు. ముందు చేయలేక ఇప్పుడు చేయగలుగుతున్న పని ఒకటి చెప్పండి. జవాబు అడగవద్దు. పత్రికలో వార్త చూసి దాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్లవద్దు. ఆసుపత్రి ద్వారానే పంపండి. ఆలస్యమైందని మానుకోవద్దు. ఏడాది తరువాత అందినా ఆ ఇంట్లో ఆ బిడ్డను తలచుకుంటూనే ఉంటారు.

మన ఇంట్లో మాట

ఖత్ వెళ్లి నాలుగు నెలలైంది. అందిందని కోఆర్డినేటరు చెప్పారు. జవాబు రాలేదు. టైలరు భాయి దాని గురించి అడగడం మానేశాడు. ప్రతి జుమాకు నమాజు తరువాత కాసేపు ఎక్కువగా కూర్చుంటున్నాడు. ఎవరి కోసం దుఆ చేస్తున్నాడో మేము అడగము.

ఈ వ్యవహారంలో మమ్మల్ని తొలిచిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ రాత్రి ఉత్తరం చిత్తు చదివి వినిపిస్తే మా ఇంట్లోవారు, "తీసుకునేటప్పుడు మనవాళ్లు ఎవరూ వద్దనలేదు కదా. ఇవ్వవలసి వస్తే మనం ఏమంటాం?" అని అడిగారు. మేము ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాము. ఆ ప్రశ్నకు సిద్ధమైన జవాబు మా దగ్గర లేదు.

పాఠకులను మేము కోరేది ఇంతే. మీరు నమ్మే ఆలింను, ముఫ్తీని ఈ మసలా అడగండి. వారు అవునన్నా, కాదన్నా దలీల్ తెలుసుకోండి. కాని ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు అడగండి, మాట్లాడుకోండి. ఐసీయూ తలుపు దగ్గర, కన్నీళ్ల మధ్య, గంటల గడువులో తేల్చుకోవలసిన విషయం కాదు ఇది. మేము మా ముఫ్తీసాబ్‌కు ప్రశ్న రాసి పంపాము. మా పిల్లలతో మాట మొదలుపెట్టాము.

ఎక్కడో ఒక ఊరిలో, మనకు పేరు తెలియని ఒక తల్లి దగ్గర ఒక కాగితం ఉంది. ఆమె దాన్ని చదివి ఉండవచ్చు, చదవలేక పెట్టెలో దాచి ఉండవచ్చు. ఆ ఇంటివారి మనసుకు అల్లాహ్ ఊరట ప్రసాదించుగాక! మేలు పొందిన ప్రతివారికీ ఆ మేలును మరచిపోని హృదయాన్ని ఇచ్చుగాక! ఆమీన్.